యూనివర్సిటీ సిబ్బందికి కాపీరైట్ గైడ్: ఆన్‌లైన్‌లో ఎలా తయారు చేయాలి, ఎలా నడపాలి

"కాపీరైట్ గురించి మా వెబ్‌సైట్‌లో పేజీ ఉంది. కానీ ఎవరూ చూడరు. అందులో ఉన్నవే మళ్లీ మళ్లీ మెయిల్లో అడుగుతారు. ఆ పేజీని ఎలా బాగుచేయాలి?" యూనివర్సిటీ లైబ్రరీల్లో, ఐటీ విభాగాల్లో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న తరచూ అడుగుతున్నారు. అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

చిక్కంతా ఎక్కడుందంటే, అలాంటి పేజీలు చాలావరకు చట్టం ఏం చెబుతోందో వివరిస్తాయి. లెక్చరర్‌కు కావలసింది అది కాదు. రేపు పొద్దున్నే క్లాసుంది, చేతిలో ఒక పీడీఎఫ్ ఉంది, దాన్ని ఎల్ఎంఎస్‌లో (విద్యార్థులకు పాఠాలు, ఫైళ్లు ఆన్‌లైన్‌లో అందించే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో) పెట్టొచ్చా, కూడదా? ఆ ఒక్క ప్రశ్నకు నిమిషంలో జవాబు దొరకాలి. దొరక్కపోతే రెండిట్లో ఒకటి జరుగుతుంది: భయపడి మంచి పాఠ్యసామగ్రిని వదిలేస్తారు, లేదా ఏమీ చూడకుండా అప్‌లోడ్ చేసేస్తారు. రెండూ నష్టమే.

కాపీరైట్ చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. కింద కొన్ని దేశాల చట్టాలను ఉదాహరణకు చెప్పాను. మీ గైడ్‌లో మాత్రం మీ దేశ చట్టమే ఉండాలి. దాన్ని మీ లీగల్ విభాగం చదివి సరే అనాలి.

## 1. రాయడానికి ముందు ప్రశ్నలు పోగేయండి

ఇంకా ఒక్క వాక్యం కూడా రాయకండి. ముందు గత ఏడాదిలో వచ్చిన ప్రశ్నలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి చేర్చండి. లైబ్రరీకి వచ్చినవి మాత్రమే చూస్తే సగం చిత్రమే కనిపిస్తుంది. వీళ్లందరినీ అడగండి:

☐ లైబ్రరీ డెస్క్, రిపాజిటరీ (యూనివర్సిటీ థీసిస్‌లు, వ్యాసాలు ఆన్‌లైన్‌లో దాచే చోటు) చూసేవాళ్లు
☐ ఎల్ఎంఎస్ సపోర్ట్ టీమ్
☐ థీసిస్‌లు తీసుకునే విభాగం, రీసెర్చ్ ఆఫీసు
☐ పాఠాలు రికార్డ్ చేసే మీడియా టీమ్
☐ పరీక్షల విభాగం
☐ వికలాంగ విద్యార్థుల సహాయ విభాగం
☐ వెబ్‌సైట్, సోషల్ మీడియా, పోస్టర్లు చూసే ప్రచార విభాగం

చివరిదాన్ని అందరూ మరిచిపోతారు. నిజానికి హక్కుదారుల నుంచి నోటీసులు రావడానికి ఎక్కువ ఆస్కారం అక్కడే. లాగిన్ వెనుక క్లాసులో వాడిన బొమ్మ బయటివాళ్లకు కనిపించదు. అడ్మిషన్ల పోస్టర్‌పై వాడిన బొమ్మ లోకమంతా చూస్తుంది. పైగా అది బోధన కాదు, ప్రచారం. బోధనకు ఉన్న సడలింపులేవీ దానికి వర్తించవు.

ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే రాసుకోండి. "ఫెయిర్ డీలింగ్ (అనుమతి లేకుండా న్యాయంగా వాడుకోవడానికి చట్టం ఇచ్చే వీలు) పరిధి ఎంత?" అని ఎవరూ అడగరు. "ఈ గ్రాఫ్ నా స్లైడ్‌లో పెట్టుకోవచ్చా?" అని అడుగుతారు. గూగుల్‌లో వెతికేదీ అలాగే. ఆ మాటలే రేపు మీ పేజీల శీర్షికలవుతాయి.

తర్వాత వాటిని చట్టంలోని సెక్షన్ల ప్రకారం కాకుండా పనుల ప్రకారం విడదీయండి: పాఠం చెప్పడం, రీడింగ్ లిస్టు తయారు చేయడం, వీడియో చూపించడం, లెక్చర్ రికార్డ్ చేయడం, థీసిస్ సమర్పించడం, పేపర్ ప్రచురించడం, పోస్టర్ వేయడం. చాలాచోట్ల ఏడెనిమిది కుప్పలతో అయిపోతుంది.

## 2. మూడు పత్రాలు ఎదురుగా పెట్టుకోండి

మొదటిది, చట్టం. కాపీరైట్‌పై అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలోనూ ఒక విషయం ఒకటే: రచన పుట్టగానే కాపీరైట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, © గుర్తు లేకపోయినా రక్షణ ఉంటుంది. బోధనకు ఇచ్చే మినహాయింపు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

భారతదేశంలో 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా టీచర్‌గానీ విద్యార్థిగానీ కాపీ చేయొచ్చు, పరీక్ష ప్రశ్నల్లో, జవాబుల్లో వాడొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ కోర్సు ప్యాకుల (పుస్తకాల్లోంచి కావలసిన భాగాలు తీసి కట్టిన కాపీల) జిరాక్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ సెక్షన్‌నే ఆధారం చేసుకుంది. ఇంత శాతమే అని లెక్క కట్టలేదు, బోధనకు ఎంత అవసరమో అదే కొలత అంది. ఆ కేసు కాగితపు కాపీల గురించి అని మీ గైడ్‌లో తప్పక చెప్పండి. అది చదివి, పుస్తకం మొత్తం వెబ్‌సైట్‌లో పెట్టొచ్చనుకునేవాళ్లు ఉన్నారు.

అమెరికాలో కాపీరైట్ చట్టం సెక్షన్ 107 కింద ఫెయిర్ యూజ్‌కు (అనుమతి లేకుండా న్యాయంగా వాడుకోవడానికి) నాలుగు అంశాలు చూస్తారు: వాడకం ఉద్దేశం, రచన స్వభావం, తీసుకున్న భాగం, అసలు రచన మార్కెట్‌పై ప్రభావం. ఆన్‌లైన్ క్లాసులకు 2002 నాటి టీచ్ యాక్ట్ వేరే ఉంది. బ్రిటన్‌లో విద్యాసంస్థలు తీసే కాపీలకు చట్టమే లెక్క చెబుతుంది: లైసెన్సు దొరకని చోట, 12 నెలల్లో ఒక రచనలో 5 శాతం దాటకూడదు. యూరోపియన్ యూనియన్ 2019 కాపీరైట్ డైరెక్టివ్‌లోని (సభ్యదేశాలకు ఇచ్చే ఆదేశంలోని) 5వ ఆర్టికల్ డిజిటల్ బోధనకు మినహాయింపు ఇస్తుంది. అయితే అది సంస్థ బాధ్యతలో, ఆ విద్యార్థులకూ అధ్యాపకులకూ మాత్రమే అందే సురక్షిత వ్యవస్థలో ఉండాలి.

రెండోది, లైసెన్సులు. మీ లైబ్రరీ కొన్న ప్రతి డేటాబేస్‌కూ, ఈ-జర్నల్ ప్యాకేజీకీ ఒక ఒప్పందం ఉంటుంది. ఎల్ఎంఎస్‌లో పీడీఎఫ్ పెట్టొచ్చా, ప్రింట్ తీసి పంచొచ్చా, క్యాంపస్ బయటి విద్యార్థికి ఇవ్వొచ్చా, ఏఐ టూల్‌లోకి ఎక్కించొచ్చా అన్నవి అక్కడే తేలుతాయి. ఒక్కో ప్యాకేజీకి ఈ నాలుగింటికీ అవును, కాదు అని ఒక పట్టిక వేసుకోండి. ఒకసారి కష్టపడితే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఒప్పందం చట్టం కన్నా ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువా ఇవ్వొచ్చు. కొన్ని దేశాల్లో కొన్ని మినహాయింపులను ఒప్పందంతో తీసేయడం చెల్లదు. బ్రిటన్‌లో కొటేషన్ మినహాయింపు అలాంటిదే. ఈ సంగతి లీగల్ వాళ్లతో ముందే తేల్చుకోండి.

మూడోది, మీ యూనివర్సిటీ మేధోహక్కుల పాలసీ. లెక్చరర్ తయారుచేసిన స్లైడ్లు ఎవరివి? రికార్డ్ చేసిన పాఠం ఎవరిది? చాలా దేశాల్లో ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమానే మొదటి హక్కుదారు. చాలా యూనివర్సిటీలు పరిశోధన వ్యాసాలకు, పుస్తకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చి హక్కు రచయితకే వదిలేస్తాయి. పాలసీలో ఈ ముక్క లేకపోతే గైడ్‌లో మీరు సొంతంగా జవాబు కనిపెట్టకండి. పైవాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే రాయండి.

## 3. బాధ్యులను ఖాయం చేయండి

ఇది చిన్న పనే, కానీ దాటవేయొద్దు. ఎవరు రాస్తారు, ఎవరు సరిచూస్తారు, గట్టి ప్రశ్న వస్తే ఎవరు జవాబిస్తారు అన్నవి మూడు పేర్లతో రాసుకోండి. బయటికి మాత్రం మనిషి మెయిల్ కాకుండా విభాగం మెయిల్ ఇవ్వండి. మనుషులు బదిలీ అవుతారు, సెలవు పెడతారు. పేజీ ఉంటుంది.

## 4. అన్ని ప్రశ్నలకూ ఒకే వరుస ఖాయం చేయండి

గైడ్‌కు వెన్నెముక ఇదే. సిబ్బంది ఏ వస్తువు పట్టుకొచ్చినా ఒకే వరుసలో ఆలోచించేలా చేయాలి. ఎక్కడ అవును అని వస్తే అక్కడ ఆగిపోవచ్చు.

1) ఇది నాదేనా? సొంత ఫోటో, సొంత పట్టిక అయితే సరే. సొంత వ్యాసమైతే ఆగి చూడాలి. ప్రచురణ సమయంలో హక్కులు పబ్లిషర్‌కు రాసిచ్చి ఉంటే, రాసింది మీరే అయినా ఆ పీడీఎఫ్ పెట్టే హక్కు మీ దగ్గర ఉండకపోవచ్చు.

2) గడువు తీరిందా? రచయిత చనిపోయాక భారత్‌లో 60 ఏళ్లు, బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో 70 ఏళ్లు అన్నది సాధారణ లెక్క. అసలు రచన పాతదే అయినా దాని కొత్త అనువాదానికి, కొత్త ముందుమాటకు, వివరణలకు విడిగా కాపీరైట్ ఉంటుంది. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

3) లింకు ఇస్తే సరిపోతుందా? పబ్లిషర్ సైట్‌లోనో, లైబ్రరీ ఈ-బుక్‌గానో, రిపాజిటరీలోనో చట్టబద్ధంగా ఉన్నదానికి లింకు ఇస్తే కాపీ చేయాల్సిన పనే ఉండదు. దొంగ కాపీలున్న సైటుకు లింకు ఇవ్వకూడదు.

4) లైసెన్సు ఉందా? లైబ్రరీ ఒప్పందం, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని సృష్టికర్తే ముందుగా ఇచ్చే అనుమతి), సైటు సొంత షరతులు చూడాలి.

5) చట్టంలో మినహాయింపు ఉందా? బోధన, విమర్శ, కొటేషన్, పరీక్ష వంటివి.

6) ఏదీ కాకపోతే అనుమతి అడగాలి, లేదా వేరేది వెతకాలి.

చాలా గైడ్లు ఐదో ప్రశ్నతో మొదలవుతాయి. అందుకే అవి బరువెక్కుతాయి. మినహాయింపు గురించి ఆలోచించాలంటే ఉద్దేశం, పరిమాణం, మార్కెట్ అంటూ తూకం వేయాలి. అదే ముందు మూడో, నాలుగో ప్రశ్న అడిగితే చాలా సందర్భాలు అక్కడికే తెగిపోతాయి. కష్టమైన తీర్పును చివరికి నెట్టడంలో సిబ్బందికి మేలుంది, మీకూ మేలుంది.

## 5. ఒక పేజీని ఇలా రాయండి

ప్రతి పేజీకీ ఒకే అచ్చు ఉండాలి. ముందు జవాబు, తర్వాత షరతులు, తర్వాత చేయాల్సిన పని, అన్నిటికన్నా కింద కారణం. ఎక్కువమంది అడిగే ప్రశ్నకు ఒక పేజీ రాసి చూపిస్తాను.

> పుస్తకంలోని అధ్యాయం స్కాన్ చేసి ఎల్ఎంఎస్‌లో పెట్టొచ్చా?
>
> పెట్టొచ్చు, ఈ నాలుగూ ఉంటే:
> ☐ ఒక అధ్యాయం లేదా పాఠానికి అవసరమైనంత భాగమే తీసుకున్నారు
> ☐ ఆ కోర్సులో చేరినవాళ్లకే లాగిన్‌తో కనిపిస్తుంది
> ☐ మొదటి పేజీలో రచయిత, పుస్తకం, పబ్లిషర్, సంవత్సరం ఉన్నాయి
> ☐ స్కాన్ చేసింది లైబ్రరీలోని పుస్తకం లేదా మీరు కొన్న పుస్తకం
>
> పెట్టకూడనివి: పుస్తకం మొత్తం. విద్యార్థి కొని నింపాల్సిన వర్క్‌బుక్. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పీడీఎఫ్.
>
> ముందు ఇది చేయండి: లైబ్రరీ కేటలాగ్‌లో ఈ-బుక్ ఉందేమో చూడండి. ఉంటే అధ్యాయం లింకు పెట్టండి. లేకపోతే స్కాన్ చేయండి, వివరాల పేజీ జోడించండి, కోర్సు ముగిసే తేదీకి ఫైలు దానంతట అదే దాగిపోయేలా సెట్ చేయండి.
>
> ఇంకా సందేహమా? పుస్తకం పేరు, అధ్యాయం, పేజీల సంఖ్య, కోర్సు కోడ్, ఎంతమంది విద్యార్థులు అన్నవి రాసి కాపీరైట్ డెస్క్‌కు మెయిల్ చేయండి. రెండు పనిదినాల్లో జవాబిస్తాం.
>
> ఎందుకిలా? (నొక్కితే తెరుచుకునే భాగం: చట్టం సెక్షన్, లైసెన్సు వివరం)
>
> చివరిసారి సరిచూసిన తేదీ, సరిచూసిన విభాగం

"ఒక అధ్యాయం" అన్న పరిమితిని మీ చట్టాన్ని, లైసెన్సును బట్టి మార్చుకోవాలి. మీ చట్టంలో శాతం లేకపోతే మీరు పెట్టింది యూనివర్సిటీ పెట్టుకున్న జాగ్రత్త అని చెప్పండి, చట్టమని చెప్పకండి. తేడా దాచిపెడితే, తర్వాత ఎవరో చట్టం చదివి వచ్చి నిలదీస్తారు, గైడ్ మీదే నమ్మకం పోతుంది.

మెయిల్లో ఏమేం రాయాలో ముందే చెప్పడం కూడా ముఖ్యం. లేకపోతే "సార్, ఈ పుస్తకం వాడొచ్చా?" అని ఒక్క లైను వస్తుంది. మీరు నాలుగు మెయిళ్లు నడిపితే గానీ సంగతి తేలదు.

## 6. తప్పకుండా ఉండాల్సిన పేజీలు

అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. ప్రశ్నల పట్టికలో పైనున్న ఐదింటితో మొదలుపెట్టండి. ఒక్కో పేజీలో జాగ్రత్తగా చెప్పాల్సినవి ఇవి.

బొమ్మలు, గ్రాఫులు. "గూగుల్‌లో దొరికింది" అన్నది అనుమతి కాదని మొదటి లైన్లోనే చెప్పండి. వెంటనే ప్రత్యామ్నాయం చూపండి: వికీమీడియా కామన్స్, ఓపెన్‌వర్స్ లాంటి చోట్ల లైసెన్సు తెలిసిన బొమ్మలు దొరుకుతాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆరు. ఆరింటినీ వివరించే బదులు నాలుగు ముక్కలు నేర్పితే సరిపోతుంది. బై అంటే పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. ఎన్‌డీ బొమ్మలో లేబుళ్లు తెలుగులోకి మార్చి స్లైడ్లు పంచితే లైసెన్సు దాటినట్టే.

పేరు ఎలా రాయాలో నమూనా ఇవ్వండి. శీర్షిక, సృష్టికర్త, ఎక్కడిది, ఏ లైసెన్సు అన్న నాలుగూ ఉండాలి. మార్పు చేస్తే అదీ చెప్పాలి:

> "వర్షంలో వంతెన", తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0, అంచులు కత్తిరించాం.

శీర్షికకు, లైసెన్సుకు లింకులు ఉండాలి. ఆ రోజు లైసెన్సు ఏమని ఉందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక, షరతులు పాటించినంత కాలం వెనక్కి తీసుకోలేరు. కానీ పేజీ మారిపోతే చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

వీడియోలు, లెక్చర్ రికార్డింగ్. క్లాసులో చూపించడం, ఆ క్లాసును రికార్డ్ చేయడం, ఆ రికార్డింగ్‌ను యూట్యూబ్‌లో పెట్టడం: ఇవి మూడు వేర్వేరు పనులు. మొదటిదానికి సరే అన్న చట్టం మూడోదానికి సరే అనకపోవచ్చు. సిబ్బందికి చెప్పాల్సిన తేలిక పద్ధతి ఒకటుంది: సినిమా ముక్క చూపేటప్పుడు రికార్డింగ్ ఆపి, అయ్యాక మళ్లీ మొదలుపెట్టి, లింకు విడిగా ఇవ్వండి. ఇంట్లో వాడుకునే స్ట్రీమింగ్ అకౌంట్‌తో క్లాసులో చూపించాలనుకుంటే ఆ సర్వీసు షరతులు ముందు చదవాలి. చాలావరకు అవి వ్యక్తిగత వాడకానికే ఇస్తాయి.

థీసిస్. ఎక్కువ టెన్షన్ పుట్టేది ఇక్కడే, అదీ సమర్పణకు వారం ముందు. పరీక్షకుల కోసం సమర్పించే ప్రతి వేరు, రిపాజిటరీలో లోకానికంతా పెట్టే ప్రతి వేరు. మొదటిదానికి మినహాయింపు సరిపోయినా, రెండోదానికి ఇతరుల బొమ్మలకు అనుమతి కావాల్సి రావొచ్చు. విద్యార్థి మొదటి ఏడాది నుంచే ఒక పట్టిక నడపాలని సూపర్‌వైజర్లకు చెప్పండి: ఏ బొమ్మ, ఎక్కడిది, హక్కుదారు ఎవరు, అనుమతి ఎప్పుడు అడిగారు, ఏం జవాబొచ్చింది. అనుమతి రాకపోతే ఆ బొమ్మ తీసేసిన ప్రతిని ఆన్‌లైన్‌లో పెట్టే వీలుండాలి.

ఇదే పేజీలో ఒక అపోహ తొలగించండి. మూలం పేర్కొంటే గ్రంథచౌర్యం కాకుండా పోతుంది. కాపీరైట్ ఉల్లంఘన మాత్రం దానితో పోదు. రెండూ వేర్వేరు. ఇది పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు కూడా చెప్పాల్సి వస్తుంది.

సొంత వ్యాసాలు. వ్యాసానికి మూడు రూపాలుంటాయని చూపండి: పత్రికకు పంపక ముందున్న ప్రీప్రింట్, సమీక్ష పూర్తయి అంగీకారం పొందిన మాన్యుస్క్రిప్ట్, పబ్లిషర్ ముద్రించిన తుది రూపం. చాలా పత్రికలు రెండోదాన్ని, కొన్ని నెలల గడువు తర్వాత, రిపాజిటరీలో పెట్టనిస్తాయి. ఏ పత్రిక ఏమంటుందో షెర్పా రోమియో పేరుతో మొదలైన, ఇప్పుడు బ్రిటన్ సంస్థ జిస్క్ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్ అనే వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే దాని కాపీ దాచుకోమనండి. ఐదేళ్ల తర్వాత అడిగితే ఎవరి దగ్గరా దొరకదు.

చూపు లేని, చదవలేని విద్యార్థుల కోసం. ఈ పేజీ మెత్తగా కాకుండా గట్టిగా రాయండి: వాళ్లకు చదవగలిగే రూపంలో పుస్తకం తయారు చేసి ఇవ్వడానికి చాలా దేశాల్లో చట్టమే దారి చూపుతుంది. 2013 మర్రకేష్ ఒప్పందం ఇందుకోసమే వచ్చింది. దాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించిన దేశం భారత్. కాపీరైట్ భయంతో ఒక విద్యార్థికి పుస్తకం ఆలస్యమైతే అది గైడ్ వైఫల్యమే. ఎవరిని కలవాలి, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఇక్కడ తప్పక ఉండాలి.

ఏఐ టూల్స్. సబ్‌స్క్రిప్షన్ వ్యాసాన్ని సారాంశం కోసం బయటి టూల్‌లోకి ఎక్కించడం అంటే కాపీ ఒకటి బయటికి పంపడమే. రెండో అంచెలో వేసుకున్న లైసెన్సు పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది. ప్యాకేజీ వారీగా అవును, కాదు అని పెట్టండి. ఈ పేజీని మిగతావాటికన్నా తరచూ సరిచూడాలి.

## 7. భాష సరిచేయండి

రాసిన పేజీని పక్క విభాగంలోని మనిషికి బిగ్గరగా చదివి వినిపించండి. ఊపిరి అందని వాక్యం ఉంటే విరగ్గొట్టండి.

ఇలా వద్దు: "విద్యాసంస్థల యందు బోధన నిమిత్తం కృతుల పునరుత్పత్తి సంబంధిత నిబంధనలకు లోబడి అనుమతించబడును."

ఇలా రాయండి: "పాఠానికి కావలసినంత మేరకు కాపీ తీసి మీ విద్యార్థులకు ఇవ్వొచ్చు. క్లాసు బయటివాళ్లకు అందేలా పెట్టకండి."

రెండో వాక్యంలో ఎవరు, ఏది, ఎంతవరకు అన్నది కనిపిస్తుంది. జైలు, జరిమానా అంటూ బెదిరింపుతో మొదలుపెట్టకండి. భయపడ్డవాళ్లు ప్రశ్న అడగడం మానేస్తారు, పని మానరు. "సందర్భాన్ని బట్టి ఉంటుంది" అన్న మాట వాడాల్సి వస్తే, ఏ సందర్భంలో ఏమవుతుందో కనీసం రెండు ఉదాహరణలతో చెప్పండి.

## 8. పని జరిగేచోట కనిపించేలా పెట్టండి

లైబ్రరీ మెనూలో నాలుగు క్లిక్కుల లోపల దాగిన గైడ్ లేనట్టే. ఆ ప్రశ్న ఎక్కడ పుడుతుందో లింకు అక్కడ ఉండాలి:

☐ ఎల్ఎంఎస్‌లో ఫైల్ అప్‌లోడ్ బటన్ పక్కన ఒక లైను, స్కాన్ పేజీకి లింకు
☐ థీసిస్ సమర్పణ ఫారంలో అనుమతుల పట్టిక నమూనా
☐ లెక్చర్ రికార్డింగ్ మొదలయ్యే స్క్రీన్‌పై వీడియో పేజీ లింకు
☐ పోస్టర్ టెంప్లేట్ ఫోల్డర్‌లో బొమ్మల పేజీ లింకు
☐ కొత్తగా చేరిన సిబ్బందికి పంపే మొదటి మెయిల్లో ఆరు ప్రశ్నల వరుస

ప్రతి లింకూ గైడ్ మొదటి పేజీకి కాకుండా సరైన పేజీకే వెళ్లాలి. గైడ్ ఫోన్‌లో చదవగలిగేలా ఉండాలి. స్క్రీన్ రీడర్‌తోనూ నడవాలి, కాబట్టి ముఖ్యమైన ఫ్లోచార్ట్‌ను బొమ్మగా మాత్రమే పెట్టకుండా కింద అక్షరాల్లోనూ రాయండి. పీడీఎఫ్‌గా తయారు చేసి మెయిల్లో పంపకండి. పాత పీడీఎఫ్‌లు ఇన్‌బాక్సుల్లో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, తప్పు జవాబు చెబుతూనే ఉంటాయి.

## 9. విడుదలకు ముందు పరీక్షించండి

వేర్వేరు విభాగాల నుంచి నలుగురైదుగురిని పిలవండి. కాపీరైట్ తెలిసినవాళ్లు వద్దు. "పేజీ ఎలా ఉంది?" అని అడిగితే బాగుందంటారు, దానివల్ల ఏమీ తెలియదు. పని ఇవ్వండి: "ఈ జర్నల్ వ్యాసాన్ని వచ్చే వారం క్లాసుకు ఇవ్వాలి. ఏం చేస్తారు?" పక్కన కూర్చుని చూడండి, సాయం చేయకండి.

ఎక్కడ వెతికారు, ఏ మాట దగ్గర ఆగారు, చివరికి ఏ నిర్ణయానికి వచ్చారు అన్నది రాసుకోండి. పేజీ దొరికినా నిర్ణయం తప్పయితే వాక్యం మార్చాలి. పేజీయే దొరక్కపోతే శీర్షిక మార్చాలి. దిద్దాక వేరేవాళ్లతో ఇంకోసారి చేయించండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

వేరే యూనివర్సిటీ గైడ్ కాపీ చేయడం. దానికీ కాపీరైట్ ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇచ్చినవి ఉంటాయి, వాటిని పేరు చెప్పి వాడుకోండి. కానీ దేశం వేరైతే చట్టం భాగం మొత్తం తిరగరాయాలి. అమెరికా ఫెయిర్ యూజ్ వేరు, భారత్, బ్రిటన్‌ల ఫెయిర్ డీలింగ్ వేరు.

"10 శాతం వరకు ఎవరైనా తీసుకోవచ్చు" అని రాయడం. ఈ అంకె లోకమంతా తిరుగుతోంది. కొన్ని లైసెన్సుల్లో ఉన్న మాట నిజమే కానీ అందరికీ వర్తించే నియమం కాదు. అంకె రాస్తే అది ఏ లైసెన్సులోదో పక్కనే రాయండి.

"విద్య కోసమే కదా, లాభాపేక్ష లేదు కదా" అన్న వాదనను వదిలేయడం. సిబ్బంది మనసులో ఉన్నదే ఇది. కాబట్టి పేజీలో దీనికి నేరుగా జవాబు చెప్పండి: విద్యా ప్రయోజనం బలమైన అంశమే, అదొక్కటే చాలదు. ఎంత తీసుకున్నారు, ఎవరికి అందుతోంది అన్నదీ చూస్తారు.

అన్నిటికీ "మమ్మల్ని అడగండి" అనడం. మీకు జవాబిచ్చే తీరిక ఉండదు, వాళ్లకు ఆగే తీరిక ఉండదు. మామూలు సందర్భాలకు పేజీలోనే తేల్చిచెప్పండి.

అనుమతి ఫోన్లో తీసుకోమనడం. అనుమతి ఎప్పుడూ రాతలోనే ఉండాలి. ఏ భాగం, ఎందుకు, ఎంతమందికి, ఎంతకాలం, ప్రింటా ఆన్‌లైనా అన్నవన్నీ అడిగే మెయిల్ నమూనా గైడ్‌లో పెట్టండి. జవాబు రాకపోవడం అనుమతి కాదని దానికిందే రాయండి.

## 11. విడుదలయ్యాక

ప్రతి పేజీకీ సరిచూడాల్సిన తేదీ క్యాలెండర్‌లో పెట్టండి. మామూలు పేజీలకు ఏడాదికోసారి, ఏఐ పేజీకి సెమిస్టర్‌కోసారి. లైసెన్సు రెన్యూవల్ అయిన ప్రతిసారీ పట్టిక మార్చాలి.

గైడ్‌లోని సెర్చ్ బాక్స్‌లో జనం ఏం టైప్ చేస్తున్నారో నెలకోసారి చూడండి. వెతికినా దొరకని మాటలే మీ తర్వాతి పేజీలు. ఒకే ప్రశ్న మెయిల్లో మూడోసారి వస్తే ఆ మనిషికి జవాబిచ్చి ఊరుకోకండి, పేజీ తెరిచి చూడండి. లోపం అక్కడ ఉంటుంది.

చివరిగా, హక్కుదారు నుంచి అభ్యంతరం వస్తే ఏం చేయాలో ముందే రాసి, సిబ్బందికి కనిపించేలా పెట్టండి:

☐ ఆ ఫైలును వెంటనే కనిపించకుండా చేయండి, డిలీట్ చేయకండి
☐ సొంతంగా జవాబు రాయకుండా కాపీరైట్ డెస్క్‌కు అదే రోజు పంపండి
☐ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎప్పుడు పెట్టారు, ఎవరెవరికి అందింది అన్నది రాసివ్వండి
☐ డెస్క్ వాళ్లు నోటీసు అందిందని తెలిపి, లీగల్ విభాగంతో మాట్లాడాక అసలు జవాబు ఇస్తారు
☐ ఫైలు సక్రమమేనని తేలితే తిరిగి పెడతారు, కాదంటే ప్రత్యామ్నాయం వెతికిస్తారు

ఈ చెక్‌లిస్టు పైన ఒక వాక్యం ఉండాలి: "గైడ్ చదివి, దాని ప్రకారం నడుచుకున్న ఉద్యోగికి యూనివర్సిటీ అండగా ఉంటుంది." ఆ హామీ ఇవ్వడానికి పాలకవర్గం ఒప్పుకుందా లేదా అన్నది విడుదలకు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ వాక్యం పెట్టకండి, ఎందుకు ఒప్పుకోవడం లేదో కనుక్కుని ఆ పేజీలు మళ్లీ రాయండి.